ఎవరు చెప్పారో చెప్పాలి

గేటు దగ్గర పసుపు చొక్కాల పిల్లలు రెండు వరుసలుగా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఆర్మండ్ టాట్రో పికప్ వేగం తగ్గించి, వెనక ఎవరైనా పెద్దమనిషి కారు వస్తోందేమోనని అద్దంలో చూశాడు. ఎవరూ లేరు. చప్పట్లు తమకే.

"అద్దం దించు నాన్నా," అంది కొరిన్.

"ఎందుకు?"

"పలకరిస్తున్నారు."

"వాళ్ళకి మనం తెలుసా?"

అయినా దించాడు. జుట్టు తడిగా దువ్వుకున్న కుర్రాడొకడు వంగి, "కొరిన్, వచ్చేశావా, నీకోసమే చూస్తున్నాం," అన్నాడు. కొరిన్ ముఖం వెలిగింది. ఆర్మండ్ మాత్రం ఆ కుర్రాడి చూపు ముందు బండి నంబరు ప్లేటు మీద పడడం, వెనకున్న పిల్ల అతని చెవిలో ఏదో చెప్పడం గమనించాడు. ఇవాళ వెర్మాంట్ నుంచి వచ్చే బండి ఇదొక్కటే అయివుంటుంది.

గేటు మీద గుడ్డ కట్టారు. 'ఇంటికి స్వాగతం' అని ఉంది.

"మన ఇల్లు కొండ అవతల కదా ఉంది," అన్నాడు.

"ఊరికే అలా రాస్తారు నాన్నా."

"అదే నేనూ అంటున్నది."

ఈ కాలేజీలో కొరిన్‌కి సీటు వచ్చింది. సీటు వచ్చిన పిల్లల్ని ఏప్రిల్లో శుక్రవారం నుంచి ఆదివారం దాకా పిలిచి చూపిస్తారు. పిల్లలు హాస్టల్లో పెద్ద విద్యార్థుల గదుల్లో పడుకుంటారు, తల్లిదండ్రులు బయట మోటెల్లో. మే నెల మొదటి రోజుకల్లా వస్తామో రామో చెప్పాలి. రాకపోతే, ఇంటి నుంచి రోజూ వెళ్ళిరాగల కాలేజీ ఒకటి ఉంది. "నాకు అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి నాన్నా, నువ్వు చూసి చెప్పు," అని కొరిన్ అడిగింది. ఏప్రిల్ వాళ్ళ ఊళ్ళో బురద నెల. మట్టిరోడ్లు మెత్తబడి బళ్ళు ఇరుసుదాకా దిగబడే కాలం. రోడ్లు చదునుచేసే ఊరి గ్రేడరు నడిపే తనలాంటివాడు ఊరు విడిచి పోకూడని కాలం. అయినా చూడడానికే వచ్చాడు.

చూస్తున్నాడు. బండి నిలిపిన చోటు నుంచి పెద్ద భవనం దాకా కాలిబాట మీద కొత్త కంకర పరిచారు. బూటు మడమతో కాస్త కెలికాడు. కంకర పలుచగా ఉంది, అడుగున పాత గుంట అలాగే ఉంది. అతిథులు నడవని వెనక బాటలో కంకర లేదు. పైఅధికారి వస్తున్నాడంటే తమ ఊళ్ళోనూ ఇలాగే చేస్తారు. చేసేది తనే.

కాలేజీ చూపించే కుర్రాడు గుంపుకి ఎదురుగా తిరిగి వెనక్కి నడుస్తూ మాట్లాడాడు. మెట్లు వచ్చినా తడబడలేదు. అందరూ మెచ్చుకున్నారు. తన దారి చూసుకోకుండా మన ముఖాలే చూస్తూ నడిచేవాడు ఏం వెతుకుతున్నట్టు అని ఆర్మండ్ అనుకున్నాడు. మెడలో పేరు బిళ్ళ వేసుకొని నవ్వే మనుషుల్ని అతను కిందటి శీతాకాలం చాలామందిని చూశాడు. ఆసుపత్రిలో అతని భార్య జీనెట్ పడుకున్న అంతస్తులో అందరూ అలాగే నవ్వేవాళ్ళు, ఆఖరి రోజు దాకా. ఇప్పుడు జీనెట్ కోటు కొరిన్ వేసుకుంది. భుజాల దగ్గర కొంచెం వదులు.

హాస్టల్ గుమ్మంలో ఒక పొట్టి అమ్మాయి ఎదురొచ్చింది. పసుపు చొక్కా, నల్లటి జడ.

"నేను యెసేనియా. కొరిన్ నా గదిలోనే ఉంటుంది. ఆ పడక చుట్ట ఇటివ్వండి సార్."

ఆర్మండ్ ఇవ్వలేదు. "మా ఊళ్ళో సార్ అనేది ఒక్క పోలీసే. అదీ బండి ఆపినప్పుడు."

"మా లరేడోలో సార్ అనకపోతే మా అమ్మమ్మ చెవి మెలేస్తుంది సార్."

కొరిన్ నవ్వింది. ఈ మాట కూడా వీళ్ళకి నేర్పించే ఉంటారని ఆర్మండ్ అనుకొని, పడక చుట్ట తనే గది దాకా మోశాడు. గదిలో పరుపు నొక్కి చూశాడు. కిటికీ తెరిచి మూశాడు. గొళ్ళెం సరిగా పడింది. ఆ సంగతి అతనికి అంతగా నచ్చలేదు.

శనివారం తెల్లవారగానే అలవాటు కొద్దీ మెలకువ వచ్చింది. నడుచుకుంటూ కాలేజీ భోజనశాలకి వెళ్ళాడు. ఇంకా జనం లేరు. మూల బల్ల దగ్గర యెసేనియా ఒక్కతే కూర్చొని నారింజ ఒలుచుకుంటోంది. పసుపు చొక్కా మీద బూడిద రంగు కోటు వేసుకుంది.

కాఫీ తెచ్చుకొని ఎదురుగా కూర్చున్నాడు. "మా పిల్ల లేచిందా?"

"లేదు సార్. రాత్రంతా మాట్లాడుతూనే ఉంది. మీ గురించే ఎక్కువ."

"ఏమని?"

"గ్రేడరు దిగి వస్తే గట్టిగా అరిస్తేగాని వినపడదట. అరవాల్సిన పని లేకపోయినా వాళ్ళమ్మ అరిచేదట."

ఆర్మండ్ కాఫీలోకి చూశాడు. "అమ్మాయ్, ఒక్క మాట అడుగుతాను. నవ్వకుండా చెప్పు. ఆ పసుపు చొక్కా ఒంటి మీద లేకపోతే ఈ చోటు గురించి ఏం చెబుతావ్?" అన్నాడు.

యెసేనియా నారింజ కింద పెట్టింది. వేళ్ళు తుడుచుకొని కోటు జిప్పు గడ్డం దాకా లాగింది. పసుపు రంగు పూర్తిగా కప్పుకుపోయింది.

"ఇప్పుడు అడగండి," అంది.

"అడిగానుగా."

"నేను చేరిన ఏడాది నవంబరు. థాంక్స్‌గివింగ్ వారం ఈ భోజనశాలకి తాళం వేసేస్తారు. అందరూ ఇళ్ళకి పోతారని వాళ్ళ ఉద్దేశం. దేశానికి ఆ చివరనున్న లరేడో ఎక్కడ, ఇదెక్కడ? తాళం వేస్తారని నాకెవరూ చెప్పలేదు. పండగ రోజు మెట్ల కింద డబ్బులేసే మెషీనులో బిస్కెట్లు కొని తిన్నాను. అమ్మ ఫోన్ చేస్తే పండగకి వండే టర్కీ కోడి తిన్నానని చెప్పాను. ఎలా ఉందంటే కాస్త ఎండిపోయిందన్నాను, నమ్మాలిగా."

"ఆఫీసులో చెప్పలేదా?"

"చెప్పాను. బాగా విన్నారు. తర్వాతి ఏడాదీ తాళమే."

వచ్చినప్పటి నుంచీ బూటు మడమతో కెలుకుతున్నది ఇదే. పైన కంకర, కింద గుంట. "మరి నిన్న మీరంతా చప్పట్లు ఎందుకు కొట్టారు?"

"అదే చెప్పబోతున్నా సార్. ఆ రాత్రి..."

"చాలమ్మా," అన్నాడు ఆర్మండ్. మర్యాదగానే అన్నాడు. "ఉన్నదున్నట్టు చెప్పావు. ఇక్కడ అలా చెప్పింది నువ్వొక్కదానివే." కప్పు పట్టుకొని లేచాడు.

యెసేనియా ఇంకా ఏదో అనబోయి ఆగింది. "రేపు ముగింపు సభలో నేనూ మాట్లాడుతున్నాను సార్. తప్పకుండా రండి," అంది. కోటు జిప్పు కిందికి లాగి, మిగిలిన నారింజ తినసాగింది.

మధ్యాహ్నం తల్లిదండ్రులకి విడిగా సభ పెట్టారు. డీన్ ఆల్డ్రిచ్ అనే ఆవిడ వేదిక మీద కుర్చీ వేసుకోకుండా వేదిక అంచున కూర్చొని మాట్లాడింది. మెత్తటి గొంతు. ఏ ప్రశ్నకైనా ముందు, "ఎంత మంచి ప్రశ్న," అనేది.

ఆర్మండ్ వాళ్ళ నార్త్ కెల్బీలో ఏటా మార్చిలో ఊరి సభ జరుగుతుంది. రోడ్డు వేయాలన్నా, వంతెన మూయాలన్నా, బడి తలుపులకి రంగు మార్చాలన్నా ఆ సభలోనే. లేచినవాడు ముందు తన పేరు చెప్పాలి. విన్న మాట చెబితే ఎవరు చెప్పారో చెప్పాలి. చెప్పకపోతే సభ నడిపే ముసలాయన, "గాలి కబురు, కూర్చో," అంటాడు. పేరు చెప్పించుకున్నవాళ్ళు దాన్ని గౌరవంగానే తీసుకుంటారు. ఫలానావాడి మాట సభలో నిలబడిందని నెల్లాళ్ళు చెప్పుకుంటారు.

ఆర్మండ్ లేచాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆర్మండ్ టాట్రో, నార్త్ కెల్బీ. నేను చెప్పేది గాలి కబురు కాదు. లరేడో నుంచి వచ్చిన యెసేనియా, మా అమ్మాయి ఉంటున్న గది అమ్మాయి, ఇవాళ పొద్దున నాతో చెప్పింది. నవంబరు పండగ వారం మీరు భోజనశాలకి తాళం వేస్తారట. ఇంటికి పోలేని పిల్లలు బిస్కెట్లు తిని పడుకుంటారట. మీకు చెప్పినా మళ్ళీ తాళమే వేశారట. ఇది నిజమా, కాదా?"

డీన్ ముఖంలో నవ్వు చెదరలేదు. "ఎంత మంచి ప్రశ్న, మిస్టర్ టాట్రో. మనం దీని గురించి విడిగా మాట్లాడుకుందాం," అంది. గోడ పక్కన నిలబడ్డ ఇద్దరు కాలేజీ ఉద్యోగుల్లో ఒకతను ఫోన్ తీసి బయటికి నడిచాడు.

పక్క కుర్చీలో ఒహాయో నుంచి వచ్చిన మార్జరీ అనే ఆవిడ, పర్సులోంచి పిప్పరమెంటు తీసిచ్చింది. "బాగా అడిగారు. నేనైతే ఆ పిల్ల పేరు చెప్పేదాన్ని కాదు."

"పేరు లేకపోతే ఆ మాటకి విలువేముంది?"

"మీరెప్పుడూ ఆఫీసులో పని చేయలేదనుకుంటాను," అంది మార్జరీ.

ఆర్మండ్‌కి ఆవిడ మాట అర్థం కాలేదు. పిప్పరమెంటు నోట్లో వేసుకున్నాడు. చాలా నెలల తర్వాత ఒక పని సరిగా చేసినట్టు అనిపించింది.

సాయంత్రం పచ్చిక మీద భోజనాలు. కొరిన్ చేతిలో ప్లేటు లేకుండా వచ్చింది. ఆమె వెనక కొత్త పసుపు చొక్కా అమ్మాయి ఒకతి దూరంగా నిలబడి నవ్వుతోంది.

"సభలో ఏం చెప్పావు నాన్నా?"

"ఉన్నది చెప్పాను. ఏం?"

"నన్ను గది మార్చారు. ఇప్పుడు బ్రిన్‌తో ఉండాలట. యెసేనియాకి ఒంట్లో బాగాలేదట. మధ్యాహ్నం దాకా నాతో గెంతుతూ తిరిగిన మనిషికి ఒంట్లో బాగాలేదట."

"నేను ఆ పిల్లని మెచ్చుకున్నాను. అంతమందిలో పేరు పెట్టి చెప్పాను."

"పేరు పెట్టే చెప్పావుగా," అంది కొరిన్.

యెసేనియా హాస్టల్ నేలమాళిగలో ఉంది. బట్టలు ఉతికే గది. ఆరబెట్టే యంత్రం లోంచి పసుపు చొక్కా తీసి, బల్ల మీద పరిచి, దాని చేతులు వెనక్కి మడిచి, అరచేత్తో నున్నగా నొక్కుతోంది. ఆర్మండ్ గుమ్మంలో ఆగాడు. కొరిన్ అతని వెనక మెట్ల మీద నిలబడింది.

"నిన్ను ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"లేదు సార్. చాలా బాగా మాట్లాడారు. అలిసిపోయావు, విశ్రాంతి తీసుకో అన్నారు. చొక్కా ఉతికి ఇచ్చెయ్యమన్నారు. రేపటి సభకి కూడా రానక్కర్లేదట."

"అలా ఎలా అంటారు? పద, నేనే వెళ్ళి అడుగుతాను."

"వద్దు సార్." మొదటిసారి ఆమె గొంతు పెరిగింది. "మీరు అడిగితే మళ్ళీ నా పేరే చెబుతారు."

ఆర్మండ్ టోపీ చేతుల్లో తిప్పాడు.

"ఆ తాళం సంగతి రేపు నేనే చెబుదామనుకున్నాను," అంది యెసేనియా. "ఎప్పటినుంచో అడుగుతుంటే ఈసారికి నాకో కుర్చీ వేశారు. ముందేం చెప్పాలో, తర్వాతేం చెప్పాలో గదిలో నిలబడి గోడకి చెప్పుకున్నాను. ఇప్పుడది ఫిర్యాదయిపోయింది. నేను ఫిర్యాదులు చేసే పిల్లనైపోయాను." చొక్కాని ఇంకోసారి మడిచింది. "పర్లేదు సార్. మీరు మంచికే చేశారని తెలుసు."

ఆ చివరి మాట అతనికి తిట్టు కంటే గట్టిగా తగిలింది.

బయటికి వచ్చాక ఆర్మండ్ అన్నాడు, "చూశావుగా. వీళ్ళు ఇలాంటివాళ్ళు. నిజం చెప్పిన పిల్లని దాచేశారు. పొద్దున్నే వెళ్ళిపోదాం."

"వీళ్ళా, నువ్వా?"

"నేనేం చేశానే?"

"వచ్చినప్పటి నుంచి గుంట కోసం వెతుకుతున్నావ్. దొరికింది. అది ఆ పిల్ల కాళ్ళ కింద దొరికింది." కొరిన్ కోటు జేబుల్లో చేతులు దూర్చుకుంది. "సోమవారం మన ఊరి దగ్గర కాలేజీకే వస్తానని చెప్పేస్తాను. నీక్కావలసింది అదేగా."

"నేను అలా అనలేదు."

"అననక్కర్లేదు నాన్నా. నువ్వు కిటికీ గొళ్ళెం సరిగా ఉన్నందుకు కూడా బాధపడ్డావ్."

బ్రిన్ చేయి ఊపుతోంది. కొరిన్ ఆమె వైపు నడిచింది. ఆర్మండ్ మోటెల్‌కి పోయి మంచం అంచున బూట్లు విప్పకుండా కూర్చున్నాడు. వెళ్ళిపోదామని తనే అన్నాడు. సరే అంది. అయినా బట్టలు సర్దుకోలేదు.

ఆదివారం గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని సభకి వెళ్ళాడు. కొరిన్ పక్కన కూర్చుంది గానీ మాట్లాడలేదు. వెనక వరసలోంచి మార్జరీ భుజం తట్టి పలకరించింది. వేదిక మీద నాలుగు కుర్చీలు. తివాచీ మీద ఐదో కుర్చీ కాళ్ళు నొక్కిన నాలుగు చిన్న గుంటలు ఇంకా పైకి లేవలేదు. మిగతా కుర్చీల్ని కొంచెం దగ్గరికి జరిపి ఖాళీ తెలియకుండా సర్దారు. నలుగురు విద్యార్థులూ చక్కగా మాట్లాడారు. ఒకరు స్నేహితుల గురించి, ఒకరు గుడ్లగూబల మీద చేస్తున్న చదువు గురించి. జనం నవ్వారు. చప్పట్లు కొట్టారు.

"ఎవరికైనా ఇంకేమైనా ప్రశ్నలు?" అంది డీన్ ఆల్డ్రిచ్.

ఆర్మండ్ లేచాడు. కొరిన్ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. మెల్లగా విడిపించుకున్నాడు. డీన్ ముఖంలో నవ్వు నిలిచిపోయింది.

"ఆర్మండ్ టాట్రో, నార్త్ కెల్బీ. ప్రశ్న కాదు. నిన్న ఇక్కడ నేనన్న మాట ఒకటి సరిదిద్దుకోవాలి." టోపీ అంచు నలుపుతున్నాడు. "యెసేనియా నాతో అలా అనలేదు. గ్రేడరు నడిపి నడిపి నాకు చెవులు సరిగా పనిచేయవు. ఆ అమ్మాయి ఈ చోటుని మెచ్చుకుంది. తాళం, బిస్కెట్లు, అదంతా నేను ఊహించుకొని అన్నది. తప్పు నాది. ఆమెది కాదు."

సభలో నిలబడి అబద్ధం చెప్పడం అతనికి ఇదే మొదలు. ఇంత సులువుగా వస్తుందనుకోలేదు. చెబుతున్నంతసేపూ తన ముఖం మీద ఒక నవ్వు ఉందని, చెప్పడం అయ్యాకగాని తెలియలేదు. కొరిన్ అతని వంక తలెత్తి చూస్తోంది.

డీన్ భుజాలు సడలాయి. "మీ నిజాయితీకి మా అందరి కృతజ్ఞతలు, మిస్టర్ టాట్రో."

"అలా కాదు సార్."

అందరూ వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర యెసేనియా. పసుపు చొక్కా లేదు, మామూలు బూడిద రంగు కోటు. రెండు చేతుల్లో కొరిన్ పడక చుట్ట. నిన్న గది మార్చిన తొందరలో అక్కడే ఉండిపోయింది.

"నేనన్నాను. తాళం సంగతి నేనే అన్నాను. మీ చెవులకేం కాలేదు సార్." పడక చుట్టని గుండెలకి హత్తుకొని పట్టుకుంది. "కాకపోతే మీరు సగమే చెప్పారు. మిగతా సగం వినకుండానే లేచిపోయారు."

ఆర్మండ్ నిలబడే ఉన్నాడు. నిన్నటి బల్ల గుర్తొచ్చింది. 'ఆ రాత్రి' అని ఆమె మొదలుపెట్టడం, 'చాలమ్మా' అని తను లేవడం.

"యెసేనియా, మనం తర్వాత..." అంది డీన్.

కొరిన్ లేచింది. "కొరిన్ టాట్రో, నార్త్ కెల్బీ. మిగతా సగం వినాలని సభ ముందు పెడుతున్నాను. ఎవరైనా బలపరచాలి."

ఏమిటన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మార్జరీ చేయి పైకెత్తింది. "నేను బలపరుస్తున్నాను. అంటే ఏం చేయాలో తెలీదు గానీ."

నవ్వులు లేచాయి. అటూ ఇటూ కొన్ని చేతులు లేచాయి, తర్వాత ఇంకొన్ని. డీన్ ఆల్డ్రిచ్ ఆ చేతుల వంక కాసేపు చూసి, కూర్చుంది. ఈసారి వేదిక అంచున కాదు, ముందు వరస కుర్చీలో.

యెసేనియా ముందుకి రాలేదు. తలుపు దగ్గరే నిలబడి చెప్పింది.

"ఆ రాత్రి ఎవరో తలుపు కొట్టారు. పై అంతస్తులో ఉండే నేపాల్ అమ్మాయి. ఉప్పుందా అంది. ఉప్పెందుకే అంటే, కింద బియ్యం ఉడుకుతోంది అంది. కింద ఇంకో ముగ్గురున్నారు. ఎవరికీ వండడం రాదు. గిన్నె ఒక్కటే. మాడిపోయింది. మాడినా అదే తిన్నాం. ఇక్కడ నాకు మనుషులంటూ ఎవరైనా ఉన్నారంటే ఆ గిన్నె దగ్గర దొరికినవాళ్ళే. తాళం వేయడం తప్పు. నేను మళ్ళీ చెబుతాను, వచ్చే ఏడాదీ చెబుతాను. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమంటే ఇక్కడికే వస్తాను. మిస్టర్ టాట్రో నన్ను అడిగింది అదే. రెండూ కలిపి చెబితేనే అది నా మాట. ఒక్కటే చెప్పమంటే నాకు రాదు."

చెప్పడం అయింది. చప్పట్లు కొట్టాలో లేదో ఎవరికీ తెలియలేదు. డీన్, తాళం సంగతి తప్పకుండా చూస్తామంది. ఆర్మండ్ ఆ మాట నమ్మలేదు. కూర్చున్నాడు. చేతుల్లో టోపీ చెమటకి తడిసింది. కొరిన్ వరస దాటుకుంటూ వెళ్ళి యెసేనియా చేతుల్లోంచి పడక చుట్ట అందుకుంది. ఇద్దరూ అక్కడే గోడకి ఆనుకొని తలలు దగ్గర పెట్టి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో అతనికి వినపడలేదు. వినడానికి ప్రయత్నించలేదు.

బండి దగ్గరికి వచ్చేముందు ఆర్మండ్ యెసేనియా ఎదుట నిలబడ్డాడు. ఏదో అనాలని వచ్చాడు. "నీ మాట వినకుండా లేచాను," అన్నాడు చివరికి.

"ఇప్పుడు విన్నారుగా సార్," అంది యెసేనియా.

ఊరు దాటాక కూడా కొరిన్ కిటికీలోంచి బయటికే చూస్తోంది. ఆర్మండ్ ఏమీ అడగలేదు. అడగకుండా ఉండడం కష్టంగానే ఉంది. కొండలు మొదలయ్యాయి. రోడ్డు పక్క నీడల్లో ఇంకా మంచు మురికిగా మిగిలి ఉంది.

"నవంబరులో ఆ వారం నేను ఇంటికి రాను నాన్నా," అంది కొరిన్.

అతను గేరు మార్చాడు. బండి ఎత్తు ఎక్కింది.

"అది జింకల వేట కాలం కదా."

"తెలుసు. కొట్టింది పట్టుకొని నువ్వే రా. వాళ్ళకి ఇప్పటికీ వండడం రాదట."

"నీకు మాత్రం వచ్చా?"

"రాదు. అమ్మ నేర్పుతానంది."

ఇద్దరూ రోడ్డు చూశారు. కిందటి శీతాకాలం తర్వాత అమ్మ మాట వాళ్ళ మధ్య రావడం ఇదే మొదటిసారి.

"ఉల్లిపాయలు ముందు వేయాలి," అన్నాడు ఆర్మండ్. "మాంసం తర్వాత. అంతవరకు నేను చూశాను."